నురగయ్య చేతికి వచ్చిన అనుమానం

గొంతు మీద కత్తి పెట్టించుకుని హాయిగా కళ్ళు మూసుకునే చోటు లోకంలో ఒక్కటే ఉంది. అది సెలూను కుర్చీ. ఆఫీసులో నీడను కూడా నమ్మని అధికారులూ, ఇంట్లో ఎవరి మాటకూ తల వంచని మొనగాళ్ళూ అక్కడికొచ్చేసరికి బుద్ధిగా గడ్డం పైకెత్తి, మెడ చాపి, కునుకు తీస్తారు. ఓడరేవుల్లో చూడండి, రైల్వే స్టేషన్ల పక్క రేకుల కొట్లలో చూడండి, చలువ గదుల్లో చూడండి, ఇదే వరస. ఆ నమ్మకం కత్తి మీద కాదు, కత్తి పట్టిన చేతి మీద. అలాంటి చేతికే తన మీద తనకు అనుమానం పుడితే?

నురగయ్యకు ఆ అనుమానం యాభై ఎనిమిదో ఏట పుట్టింది.

నురగయ్య అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు. పోస్టాఫీసుకూ బొత్తాల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఆ రెండు కుర్చీల సెలూను ఆయన మామగారిది. మామగారు పని నేర్పే పద్ధతి ఒకటుంది. గుండ్రటి సబ్బు బిళ్ళ మీద తడి బ్రష్షు తిప్పించి, గిన్నెలో నురగ తీయించి, ఆ గిన్నెను తీసినవాడి నెత్తిమీదే బోర్లించేవాడు. నురగ గిన్నెకు అంటుకుని ఉంటే ఆ పూటకు కత్తి చేతికిచ్చేవాడు. నెత్తిన పడితే తుడుచుకుని మళ్ళీ మొదలు. నురగయ్య మొదటి నెలంతా నెత్తి తుడుచుకుంటూనే గడిపాడు. రెండో నెల నుంచి ఒక్క బొట్టు రాలలేదు. మూడో ఏడు మామగారు కూతుర్నిచ్చాడు.

"నన్ను చూసి చేసుకోలేదు ఈయన, గిన్నెను చూసి చేసుకున్నాడు," అంటుంది భార్య ఇప్పటికీ. "నిన్ను చూసి ఉంటే నురగ కుదిరేదే కాదు," అంటాడు నురగయ్య. ఇది పొగడ్తో తెగడ్తో ముప్ఫై ఏళ్ళుగా ఆమె తేల్చలేదు.

రెండో కుర్చీ బావమరిదిది. అక్కకు పన్నెండేళ్ళ చిన్న. తండ్రి గిన్నె కింద తల పెట్టే వయసొచ్చేలోపే ఆయన పోయాడు గనక, బావమరిది నెత్తిన నురగ పడలేదు. అందుకే అతనికి సబ్బంటే భక్తి లేదు. అతని బల్ల మీద క్రీము ట్యూబులు పటాలంలా నిలబడి ఉంటాయి. పుదీనా వాసనది ఒకటి, నిమ్మ వాసనది ఒకటి, ఏ వాసనా లేనిది ఒకటి.

"బావా, నువ్వా బిళ్ళను రుద్ది రుద్ది నిద్ర లేపేలోపు నేను ఇద్దరికి గీసి పంపిస్తా," అనేవాడు.

"పంపిస్తావు. మధ్యాహ్నానికి చెంప మంటెత్తి వాళ్ళే తిరిగొస్తారు. సబ్బు నురగ దుప్పటిరా. నీ క్రీము నురగ పేపరు."

"పేపరే గాని తెల్లగా ఉంటుంది. నీ బిళ్ళ చూడు, ఎవరో నాకినట్టుంది."

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వడానికి వీల్లేదు, నవ్వితే కత్తి జారుతుంది. అందుకని పొట్ట మాత్రం కదిపేవాళ్ళు.

నిజానికి ఈ రెంటి మధ్య ఉన్న తేడా అంత పెద్దదేం కాదు. రెండూ సబ్బులే. బిళ్ళలో నీళ్ళుండవు, మనమే బ్రష్షుతో పట్టించాలి. అది ఓపిక అడుగుతుంది, బదులుగా చిక్కటి నురగనిస్తుంది, నెలల తరబడి అరగదు. క్రీములో నీళ్ళు ముందే కలిసి ఉంటాయి. వేలికొసంత నొక్కితే చాలు, బ్రష్షుకు శ్రమ ఉండదు, తొందరలో ఉన్నవాడికి దాన్ని మించింది లేదు. కానీ చేతివిద్య ఉన్నచోట తేడా చిన్నదైనకొద్దీ పంతం పెద్దదవుతుంది. ఒకే రాగాన్ని పాడే ఇద్దరు విద్వాంసులు ఒకరి గుమ్మం ఒకరు తొక్కకపోవడం లోకానికి కొత్త కాదు.

ఆ ఏడు ఎండాకాలం ముందు భవనం యజమాని పెరట్లో బోరు వేయించాడు. అంతకుముందు పొద్దున్నే గంటసేపు వచ్చే కుళాయి నీళ్ళను నీలం డ్రమ్ములో పట్టుకుని రోజంతా పొదుపుగా వాడుకునేవాళ్ళు. ఇప్పుడు మీట నొక్కితే నీళ్ళు, అదీ అద్దంలా తేటగా. నురగయ్య సంబరపడి యజమానికి రెండుసార్లు ఊరికే తల కత్తిరించాడు. ఆ నీళ్ళు తాగితే మాత్రం నాలుక మీద ఉప్పగా తగిలేవి. అందుకని భార్య రోజూ కారియరుతో పాటు ఇంటి నుంచి పెద్ద సీసాతో మంచినీళ్ళు పంపేది. వాళ్ళ ఇల్లు నాలుగు వీధుల అవతల. అక్కడ పాత కుళాయే.

డ్రమ్ములో పాత నీళ్ళు కాస్త తగ్గినప్పుడల్లా కొత్త నీళ్ళు కలుపుతూ పోయారు. అందుకని మార్పు ఒక్క రోజులో రాలేదు. మెల్లగా, దొంగ అడుగులు వేసుకుంటూ వచ్చింది. మొదట నురగ కొంచెం పలచబడింది. నురగయ్య సబ్బు ఇంకాస్త రుద్దాడు. పదిరోజులకు చెంప మీద పూసిన నురగ కత్తి వచ్చేలోపే ఆరిపోయి, అట్టుకట్టడం మొదలైంది. గిన్నె అంచున బూడిదరంగు తెట్టు మిగిలేది. సబ్బు కంపెనీవాళ్ళు కల్తీ చేస్తున్నారనుకుని బిళ్ళ మార్చాడు. అదీ అంతే. ఇంకోటి మార్చాడు. కొత్త బ్రష్షు కొన్నాడు. మార్చగలిగినవన్నీ మార్చాక మిగిలింది చెయ్యే.

ఇక్కడే ఆయన తెలివి ఆయన్ను బోల్తా కొట్టించింది. ఇంట్లో పొద్దున్నే అద్దం ముందు అదే బిళ్ళతో, అదే బ్రష్షుతో తన గడ్డానికి నురగ తీసి చూశాడు. దూదిలా నిలబడింది. గిన్నె బోర్లించాడు, రాలలేదు. పరుగున సెలూనుకొచ్చి తీశాడు, చప్పున చచ్చింది. మర్నాడూ అంతే. ఇంకెవరైనా అయితే రెండు చోట్లా ఏమిటి తేడా అని చూసేవాళ్ళు. నురగయ్యకు తట్టింది ఒక్కటే: ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆడే చెయ్యి నలుగురి ముందూ బెదురుతోంది! మామగారు ఎప్పుడో అననే అన్నాడు, "నురగ సబ్బులో ఉండదురా, మణికట్టులో ఉంటుంది" అని. పక్క కుర్చీలో బావమరిది ట్యూబు మాత్రం ఎప్పటిలాగే తెల్లగా నురగలు కక్కుతోంది. క్రీముకూ ఆ నీళ్ళు అంతగా పడవు. కానీ అతను ట్యూబును ధారాళంగా నొక్కేవాడు గనక లోటు కనబడలేదు. అంటే తప్పు తన చేతిదే. ముసలితనం మోకాళ్ళలోకి వస్తుందని అందరూ అంటారు, తనకు మణికట్టులోకి వచ్చింది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. కానీ ఒక గడ్డం చెప్పేసింది.

ఆ గడ్డం గడియారాలాయనది. నాలుగు కొట్ల అవతల గడియారాలు బాగుచేస్తాడు. ఉల్లిపొర లాంటి చర్మం, చుబుకం మీద పుట్టుమచ్చ, ఇరవై ఆరేళ్ళుగా రోజు విడిచి రోజు నురగయ్య చేతి కిందే. క్రీము ఆయనకు పడదు. ఓసారి బావమరిది నిమ్మ వాసన ట్యూబుతో గీస్తే మూడు రోజులు దానిమ్మ గింజలా తిరిగాడు. ఈ మధ్య నురగయ్య గీతకూ చెంపలు భగ్గుమంటున్నాయి. ఆ మాట ఆయన పైకి అంటే నురగయ్య మనసు ముక్కలవుతుంది. వేరే సెలూనుకు వెళితే వీధంతా చూస్తుంది. అందుకని మూడో దారి తొక్కాడు. గడ్డం పెంచడం మొదలుపెట్టాడు.

"ఏమిటండీ ఇది?" అని అడిగాడు నురగయ్య, దారిలో ఎదురుపడితే.

"ఏం లేదయ్యా, మా ఆవిడ సరదా పడింది."

"ముప్ఫై ఏళ్ళ తర్వాతా?"

"ఆమెకు సరదాలు ఆలస్యంగా పుడతాయి," అని గడియారాలాయన తప్పుకున్నాడు.

నురగయ్య నమ్మలేదు. తనకు తెలియదా, ఆ ఇల్లాలికి బొచ్చంటే పిల్లి దగ్గర కూడా గిట్టదు!

ఆ మధ్యాహ్నం బావమరిది భోజనానికి వెళ్ళగానే నురగయ్య తలుపు ఓరగా వేసి, దొంగలా పుదీనా ట్యూబు తీశాడు. చేతి సంగతి ఏదో ఒకటి తేల్చుకుందామని. కానీ క్రీము ఎంత తీసుకోవాలో ఆయనకేం తెలుసు? బిళ్ళతో అలవాటైన లెక్కన, ఇంటిల్లిపాదికీ పళ్ళు తోమించేంత పొడవున పిండి, ఎనభైసార్లు బ్రష్షు తిప్పాడు. బిళ్ళకైతే అంత తిప్పుడు కావాలి. క్రీముకు ఇరవై చాలు. నురగ గిన్నె నిండింది, అంచు దాటింది, మణికట్టెక్కింది, బల్ల మీద ఉన్న సినిమా పత్రికలో హీరోయిన్ మొహాన్ని కప్పేసింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కారియరుతో భార్య వచ్చింది.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమండీ, గొర్రెను గాని పెంచుతున్నారా?"

"నవ్వకే."

"నవ్వకుండా ఎలా? మోచేతుల దాకా ఉన్ని వచ్చేసింది. నా తమ్ముడి ట్యూబు కాదూ అది? వాడికి తెలిస్తే ఊరంతా దండోరా వేస్తాడు."

నురగయ్య నురగలోనే చతికిలబడ్డాడు. ఇక దాచడం ఆయన వల్ల కాలేదు. సంగతంతా చెప్పాడు. నురగ నిలవకపోవడం, ఇంట్లో నిలవడం, గడియారాలాయన గడ్డం.

"మరి ఇప్పుడు నిలిచిందిగా?" అంది ఆమె, ఆయన చేతి మీది గుట్టను చూపిస్తూ.

"ఇది నేను తీసింది కాదే. ఇది ట్యూబు తీసింది. ఎవడు తిప్పినా వస్తుంది. నా పని అయిపోయింది. వచ్చే ఒకటో తారీకు నుంచి కుర్చీ నీ తమ్ముడికిచ్చేస్తా. ఎవరి గొంతు దగ్గరో ఈ చెయ్యి బెదిరేదాకా ఆగను."

ఆమెకు నవ్వు పోయింది. ఆయన చేతులు తన కొంగుతో తుడిచింది. "ఇచ్చి ఇంట్లో ఏం చేస్తారు?"

"కూర్చుంటా."

"మీరా? రెండో రోజుకు నా వంటగిన్నెలన్నిటిలో నురగ తీసి బోర్లిస్తారు. ముందు అన్నం తినండి."

మాట బావమరిదికి తెలిసింది. అంతవరకు బావను ఆటపట్టించినవాడు ఒక్కసారిగా నీరుగారిపోయాడు. రెండో కుర్చీ మాటల రుచి మొదటి కుర్చీ ఉంటేనే. "బావా, కావాలంటే నా ట్యూబులన్నీ పారేస్తా," అన్నాడు. "నీ ట్యూబులు ఏం చేశాయిరా పాపం," అన్నాడు నురగయ్య, అంత మెత్తగా ఎన్నడూ మాట్లాడనివాడు. ఆ మెత్తదనమే బావమరిదిని ఇంకా భయపెట్టింది. తిన్నగా వెళ్ళి గడియారాలాయన చెవిన వేశాడు.

ఒకటో తారీకు ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే గడియారాలాయన పదిహేడు రోజుల గడ్డంతో వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు.

"గీయి," అన్నాడు.

"మీ ఆవిడ సరదా?"

"తీరిపోయింది. నువ్వు మానేస్తావటగా. ఇరవై ఆరేళ్ళు నీ దగ్గర గీయించుకుని, చివరి గీత ఇంకోడి దగ్గరా? మండితే మండనీ. గీయి."

నురగయ్య కత్తెరతో గడ్డం కురచ చేశాడు. బిళ్ళ తీశాడు. గిన్నెలో నీళ్ళు పోద్దామని డ్రమ్ము మూత తీస్తే అడుగు కనబడింది. పొద్దున్నే బావమరిది కడగడానికి డ్రమ్ము బోర్లించాడు, ఆ వెంటనే కరెంటు పోయింది. కుళాయి తిప్పితే ఒక తుమ్ము తుమ్మి ఊరుకుంది.

"పక్క కొట్లో అడిగి తెస్తా బావా," అని బావమరిది లేచాడు.

"ఎందుకులేరా, ఇవి ఉన్నాయిగా," అని నురగయ్య నిన్న మిగిలిన తాగే నీళ్ళ సీసా వంచి గిన్నెలో పోశాడు, బ్రష్షు ముంచాడు, తిప్పడం మొదలుపెట్టాడు.

ఇరవై చుట్లకు బిళ్ళ మీద మెరుపు వచ్చింది. నలభైకి వెన్న. ఎనభైకి గిన్నె నిండా తెల్లటి గుట్ట, దాని కొన వంగి పక్షి ముక్కులా నిలబడింది. నురగయ్య చెయ్యి ఆగిపోయింది. ఊపిరి తీస్తే పోతుందేమోనన్నట్టు మెల్లగా దాన్ని గడియారాలాయన చెంపకు పట్టించాడు. ఆరలేదు. కత్తి పెట్టాడు. వెన్నలో గీత గీసినట్టు వెళ్ళింది. కుడి చెంప పూర్తయింది.

గడియారాలాయన కళ్ళు తెరిచి అద్దంలో చూసుకున్నాడు. చెంప తడుముకున్నాడు. "ఇవాళ ఏం మార్చావు?"

"ఏం మార్చలేదండీ. మానేస్తున్నానని తెలిసి, చెయ్యికి బెదురు పోయినట్టుంది."

"బెదురూ లేదు, బొమ్మజెముడూ లేదు. ఆగిన గడియారం దానంతటది తిరిగిందంటే లోపల ఏదో కదిలినట్టే. బిళ్ళ?"

"నిన్నటిదే."

"బ్రష్షు?"

"అదే."

"గిన్నె? కత్తి? నేను?"

"అన్నీ అవే. మీరు కాస్త ముసలివారయ్యారు, అంతే."

"నోర్ముయ్యి. నీళ్ళు?"

నురగయ్య తాగే నీళ్ళ సీసా వైపు చూశాడు. తర్వాత కుళాయి వైపు చూశాడు.

అదే క్షణాన కరెంటు వచ్చింది. పెరట్లో మోటారు గుర్రుమంది. బావమరిది ఒక్క గెంతులో కుళాయి దగ్గరికెళ్ళి రెండో గిన్నె నిండా బోరు నీళ్ళు పట్టుకొచ్చాడు. ఇటు గిన్నెలో సీసా నీళ్ళు, అటు గిన్నెలో బోరు నీళ్ళు. బిళ్ళ ఒక్కటే, బ్రష్షు ఒక్కటే, చెయ్యి నురగయ్యదే. పోస్టాఫీసు ముందు నిలబడ్డవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చారు. ఇటు నురగ పొంగింది. అటు గిన్నెలో బూడిదరంగు తెట్టు తేలి, రెండు బుడగలు పైకొచ్చి, సిగ్గుపడి మునిగిపోయాయి.

"ఇప్పుడు నేను తిప్పుతా," అని బావమరిది బ్రష్షు లాక్కున్నాడు. బోరు గిన్నెలో చెమటలు పట్టేలా తిప్పాడు. తెట్టే. "బావా! నీ మణికట్టుకేం కాలేదు బావా! ఈ నీళ్ళలో నాన్న వచ్చి తిప్పినా ఇంతే!"

నురగయ్య రెండు గిన్నెల వంకా మార్చి మార్చి చూశాడు. తాగడానికి పనికిరావని మూడు నెలలుగా ఆ నీళ్ళను నోట పెట్టలేదు. అవి సబ్బుకు పనికివస్తాయా అన్న ఊహ ఒక్కసారైనా రాలేదు. సబ్బును అనుమానించాడు, కంపెనీని అనుమానించాడు, ముప్ఫై అయిదేళ్ళు కూడు పెట్టిన చేతిని అనుమానించాడు. అద్దంలా మెరిసే కుళాయిని మాత్రం వదిలేశాడు. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గోడ పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "ఆ యజమానికి రెండు క్షవరాలు ఊరికే చేశానురా," అన్నాడు మధ్యలో ఊపిరి తీసుకుని.

"అందరూ నవ్వడం అయ్యాక," అన్నాడు గడియారాలాయన, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగలో, "ఈ రెండో వైపు ఎవరైనా చూస్తారా? లేక ఇలాగే ఇంటికి పంపిస్తారా? మా ఆవిడ సగమే తలుపు తీస్తుంది."

ఒకటో తారీకు వచ్చింది. ఆ పొద్దున్న మొదటి కుర్చీ దగ్గర నురగయ్యే ఉన్నాడు. సైకిలుకు రెండు వైపులా రెండు క్యానులు కట్టుకుని బావమరిది ఇంటి నీళ్ళు మోసుకొస్తున్నాడు. "నీ సబ్బుకు నేను బోయీనయ్యాను," అని వారానికోసారి గొణుగుతాడు. దానికి ప్రతిగా నురగయ్య ఒక మెట్టు దిగాడు. రైలు అందుకోవాలనే వాళ్ళూ, ఆఫీసుకు ఆలస్యమైనవాళ్ళూ వస్తే తనే రెండో బల్ల నుంచి ట్యూబు తీసుకుంటాడు. ఇప్పుడు బఠాణీ గింజంత నొక్కి, ఇరవై చుట్లకే ఆపడం వచ్చింది. గడియారాలాయన మటుకు రోజు విడిచి రోజు బిళ్ళకే వస్తాడు, పుట్టుమచ్చ చుట్టూ కత్తి తిరుగుతుంటే గురక పెడతాడు.

మొన్నో రోజు కొత్త ఉద్యోగం మీద వచ్చిన ఒక ఇంజనీరు తల కత్తిరించుకుని లేస్తూ అడిగాడు. "ఇంట్లో నేనే గీసుకుంటానండీ. బిళ్ళ కొనమంటారా, క్రీము కొనమంటారా? ఏది మంచిది?"

బావమరిది దువ్వెన ఆపి చెవులు రిక్కించాడు. బిళ్ళ పురాణం మొదలవుతుందని అతనికి తెలుసు, అది అరగంటకు తగ్గదు.

"ఎక్కడ దిగారు బాబూ?" అన్నాడు నురగయ్య.

"ఆ గుట్ట పక్కన, కొత్త ఇళ్ళల్లో."

"స్నానం చేశాక ఒంటి మీద సబ్బు వదులుతుందా? బకెట్టు అంచున తెల్లగా చారలు కడుతున్నాయా?"

"చారలు కడుతున్నాయి. మా ఆవిడ రోజూ తోముతూనే ఉంటుంది."

నురగయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. బిళ్ళ వైపు చూశాడు.

"అయితే క్రీము కొనుక్కోండి," అన్నాడు. "పొద్దున్నే ఆఫీసుకెళ్ళేవారు, ఆ ఉప్పు నీళ్ళతో బిళ్ళను మీరు లొంగదీయలేరు. పుదీనా వాసనది బాగుంటుంది. మీ నీళ్ళకు రెండు బఠాణీ గింజలంత సుమా, అంతకు మించి పిండితే మీ ఆవిడకు ఇంకో పని."

పక్కన బావమరిది చేతిలోంచి దువ్వెన జారి కిందపడింది. అతను దాన్ని తీసుకోకుండా, కుర్చీలో ఉన్నాయన సగం తలను వదిలేసి, గుమ్మంలోకి పరుగెత్తాడు.

"అక్కా!" అని అరిచాడు, కారియరుతో అప్పుడే వీధి మలుపు తిరుగుతున్న ఆమెను చూసి. "అక్కా, తొందరగా రా! బావ క్రీము కొనమన్నాడు!"

"జ్వరమేమో చూడరా," అంది ఆమె, నడక వేగం పెంచకుండానే.